మా ప్రెస్సుల కంప్యూటరు కూత పెట్టిన వారం

నేను కంప్యూటరు మీద పని చేసినదాన్ని కాదు. ముందే చెప్తున్న, తర్వాత నన్ను పట్టుకొని అదెట్ల ఇదెట్ల అని అడగొద్దు. భద్రాచలంల ఒక ప్రెస్సుల బైండింగు పని చేసిన. కాగితాలు మడత పెట్టుడు, పుస్తకాలు కుట్టుడు, పెండ్లికార్డులకు దారాలు కట్టుడు. నా చదువు మూడో తరగతి కాడ ఆగింది. మాది చర్ల దారిల అడివి అంచు ఊరు. చిన్నప్పటి సంది తునికాకు కట్టలు కట్టిన చేతులు కాబట్టి కాగితం దొంతి పట్టుకుంటే ఒక్కటి జారేది కాదు. ఆ చేతులు చూసే ఓనరు సారు నన్ను పనిల పెట్టుకున్నడు.

కంప్యూటరు గది నా బల్లకు ఎదురుగనే ఉండె. నడుమ ఒక అద్దం తలుపు. చేతులు వాటి పని అవి చేస్కుంటయి, కండ్లు ఊకుంటయా? గందుకే అది లేవకుండ మొండికేసిన వారం సంగతి మొత్తం నాకు యాదికున్నది. మీలో కంప్యూటర్లు ఇప్పి బిగించేటోళ్లు ఉంటే నవ్వుకోర్రి. నవ్వే సంగతే. అప్పుడైతే మాకెవలికి నవ్వు రాలె.

అప్పటికి మా ప్రెస్సుల సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చే పని అయిపోవస్తున్నది. పేర్చేటోళ్లల్ల ఒకాయన కొత్తగూడెం పోయిండు, ఇంకొకాయన కండ్లు కనపడక మానుకున్నడు. అక్షరాల పెట్టెలు ఎనక గదిల దుమ్ము పట్టినయి. మిగిలింది నేను, ప్రింటు మెషిన్ తొక్కే మామ, కంప్యూటరు కొట్టే పిల్ల. మామ అంటే నా సొంత మామ కాదు, ప్రెస్సులందరికి మామనే. ఆ పిల్ల నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని.

ఆ పిల్ల పాల్వంచ కంపెనీ క్వార్టర్లల పెరిగింది. తండ్రి షిఫ్టు డ్యూటీ మనిషి. పెండ్లయిన కొన్నాళ్లకే మొగుడు లారీ కింద పడి పోయిండు. తర్వాత తండ్రి రిటైరై, క్వార్టరు అప్పజెప్పి, కొడుకు ఇంట్ల చేరిండు. ఈ పిల్ల కంప్యూటరు నేర్చుకొని మా కాడికొచ్చింది. బస్టాండు ఎనక చిన్న కిరాయి రూముల ఉండేది. ఈ పని పోతే అత్తగారింటికి పోవుడే. "ఆడ నన్ను వంటింట్ల నుంచి ముందటింట్లకి గూడ రానియ్యరక్కా. ఇక్కడైతే పొద్దున తాళంచెవి నా చేతిల ఉంటది" అన్నది ఒకసారి అన్నం తింటుంటే. అది నా మనసుల పడ్డది.

ఇంకొక మనిషి గురించి చెప్పాలె. ఓనరు సారు వాళ్లమ్మ. మేమందరం పెద్దమ్మ అనేటోళ్లం. వాళ్ల ఇల్లు ప్రెస్సు ఎనకనే, నడుమ ఒక తలుపు. ఆ తలుపుల కుర్చీ ఏసుకొని కూసుంటే ప్రెస్సంతా ఆమె కండ్ల కింద ఉండేది. మంచి మనిషే. నా బిడ్డకు జొరమొస్తే కషాయం కాసి పంపింది. కానీ ఆ చెల్లె అంటే మాత్రం ఆమెకు పడేది కాదు. బొట్టు లేని ఆడమనిషి పొద్దున్నే వచ్చి తాళం తీసుడు, మిషిన్ స్విచ్చి నొక్కుడు ఆమెకు నచ్చేది కాదు. "ఇంకెవలూ దొరకలేదారా నీకు" అని కొడుకును అనేది. మా ఊళ్ల గిసొంటి పట్టింపు నేను చూడలె. మొగుడు పోయిన ఆడమనిషి గూడ అందరితోటి ఇత్తనాలు చల్లేది. అందుకని పెద్దమ్మ గట్ల అన్నప్పుడల్ల నాకు కోపం కంటె ఇచ్చెంత్రమే ఎక్కువైతుండె.

ఇగ అసలు సంగతి. పెండ్లిళ్ల కాలమొచ్చింది. కార్డుల మీద పువ్వులు, కలశాలు, రాములోరి కల్యాణం బొమ్మ, అన్ని కావాలంటున్నరు జనం. బొమ్మ పెట్టంగనే కంప్యూటరు నత్త లెక్క అయ్యేది. ఒక అక్షరం కొట్టి, అది తెర మీదికి వచ్చేలోపు చెల్లె నాతోటి నాలుగు ముచ్చట్లు చెప్పేది.

"మెమరీ తక్కువుంది సార్, పెంచాలె" అన్నది ఓనరు సారుతోటి.

"దీనికి గూడ మతిమరుపా?" అన్నడు మామ మెషిన్ కాడి నుంచి. "మా ఆకుల పిల్ల బుర్రల నుంచి ఇంత తీసి పొయ్యర్రి. మా ఇంట్ల పోయినేడు దసరాకు ఏం కూర వండిర్రో గూడ చెప్తది."

ఆకుల పిల్ల అంటే నేనే.

నాకు మాత్రం అది మస్తు ఇచ్చెంత్రమనిపిచ్చింది. జ్ఞాపకం అంగట్ల దొరుకుతదా? ఎట్లుంటది, పొడా, నూనెనా? ఖమ్మం నుంచి ఇంజినీరు పిలగాడు వస్తడంటే ఆ రోజు నేను తొందరగ వచ్చి కూసున్న.

ఆయన మొదటి బస్సుకు దిగిండు. చేతిసంచిల నుంచి తళతళలాడే కవరు తీసిండు. దాంట్ల సన్నటి ఆకుపచ్చ పలకలు రెండు, చేతి ఏలంత పొడుగు. ఒక పక్క నల్ల గింజలు అతికించినట్టున్నయి, కింద అంచు పొడుగునా బంగారు గీతలు, చీర అంచు లెక్క. "ఇదేనా జ్ఞాపకం?" అన్న. "ఇదే అక్కా" అని నవ్విండు. వాటిని బల్ల మీద పెట్టి, ఆకలైతున్నది, టిఫిను చేసొస్త అని హోటలుకు పోయిండు.

మా ప్రెస్సుల ఒక పద్ధతి ఉండె. ఏ కొత్త సామాను వచ్చినా బొట్టు పెట్టకుండ బిగించేది లేదు. కొత్త రోలరు, కాగితం కోసే కత్తి, ఆఖరికి నా కుట్టు సూది దబ్బనానికి గూడ పెట్టింది పెద్దమ్మ. అది అందరికి ఇష్టమే, నాకు గూడ. ఆ రోజు గూడ ఆమె పసుపు గిన్నె, కుంకుమ, అగరుబత్తి పట్టుకొని వచ్చింది. పలకలు చేతిలకు తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"నల్లటి దాని మీద పసుపేం పెడతరు, కనపడదు" అన్నది. "ఇగో, బంగారం అంచున్నది. లక్ష్మి ఇక్కడున్నది" అని తడి పసుపు ఏలుతోటి ఆ అంచు పొడుగునా పూసింది. దాని మీద కుంకుమ చుక్కలు పెట్టింది. రెండిటికీ.

చెల్లె అద్దం తలుపు కాడ నిలబడ్డది. పూజ కాడికి ఆమె రాదు. ఏదో అనబోయింది. పెద్దమ్మ తల ఎత్తకుండనే "మంచి పని చేసేటప్పుడు నడుమ మాట్లాడొద్దు" అన్నది. చెల్లె ఎనకకు తిరిగి తన కుర్చీల కూసున్నది.

ఇంజినీరు వచ్చి చూసి "అయ్యో" అన్నడు. కానీ పెద్దావిడ ఎదురుంగ అగరుబత్తి తిప్పుతున్నది, ఏమంటడు? దండం పెట్టి, అటు తిరిగి, జేబు రుమాలుతోటి గట్టిగ తుడిచిండు. రుమాలు పచ్చగైంది, పలకలు మాత్రం మళ్ల మెరిసినయి. కంప్యూటరు పెట్టె ఇప్పిండు. లోపల రెండు సన్నటి సందులు, వాటిల పాత పలకలు గుచ్చి ఉన్నయి. వాటిని పీకి, కొత్తవి గుచ్చిండు. "మేడం, మీరే ఆన్ చెయ్యర్రి" అన్నడు.

చెల్లె నొక్కింది.

లోపల గాలిపంక గిర్రున తిరిగింది. తెర నల్లగనే ఉన్నది. అప్పుడు మొదలైంది కూత. పీ... అని పొడుగ్గ. ఆగి మళ్ల పీ... గోదావరి ఒడ్డున పక్షి ఒకటి గట్లనే అరుస్తది, జత తప్పితే. ప్రెస్సంతా ఆ కూతనే. మామ మెషిన్ ఆపిండు.

ఇంజినీరు పలకలు అటివి ఇటు, ఇటివి అటు మార్చిండు. కూత ఆగలె. మళ్ల రుమాలు తీసి ఇంకింత తుడిచిండు. ఆగలె. ఆయనకు గూడ పసుపు మీదనే అనుమానం ఉన్నట్టుంది. "సరే, పాతవే పెట్టి చూద్దాం" అని కొత్తవి తీసి పాత పలకలు గుచ్చిండు. వాటికి ఎవలూ పసుపు పెట్టలె కద. నిన్నటిదాక మంచిగ పని చేసినయి కద.

పీ... పీ...

ఆయన మొకం వాడిపోయింది. "పసుపు కాదు సార్. పాత మెమరీతోటి గూడ లేస్తలేదంటే లోపల మెయిన్ బోర్డే పోయినట్టుంది" అన్నడు.

ఎనక తలుపుల నుంచి పెద్దమ్మ అడిగింది: "మొదలు స్విచ్చి ఎవలు నొక్కిర్రు?"

అందరం చూసినమే. చెల్లె తన చెయ్యి దిక్కు చూసుకున్నది. నేను అంత దగ్గరున్న మనిషిని, ఒక్క మాట అనొచ్చు. కానీ ఏమనాలె? నాకేం తెలుసు బోర్డు గురించి?

ఇంజినీరు ఆదివారం వచ్చి పెట్టెను హైదరాబాదు తీస్కపోత అని చెప్పి బస్సెక్కిండు. సారు కాగితం కొననీకి రాజమండ్రి పోవాల్సి ఉండె. పోయేముందు పెద్దమ్మ ఆయనను ఆపింది. ఆమె తమ్ముని మనవడు ఇజయవాడల కంప్యూటరు నేర్చుకున్నడట, పిలిపిస్తనన్నది. సారు మెత్తటి మనిషి. "నేనొచ్చినంక చూద్దామమ్మా. బోర్డు నిజంగ పోయిందంటే అప్పుడు గట్లనే చేద్దాం" అన్నడు. మెల్లగనే అన్నడు, కానీ అద్దం తలుపు తెరిచే ఉన్నది.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి చెల్లె గదిల కూసొని ఉన్నది. కంప్యూటరు పెట్టె మూత ఇప్పే ఉన్నది. కార్డులోళ్లు వచ్చి అడిగి పోతున్నరు, మామ వాళ్లకు ఏదో ఒకటి చెప్పి పంపుతున్నడు.

"ఏం చేస్తున్నవ్ చెల్లె?"

"చూస్తున్ననక్కా. ఎట్లనూ పోయేదాన్నే కద, లోపల ఎట్లుంటదో చూసి పోత."

ఆ మాటకు నాకు మడత పెట్ట బుద్ధి కాలె. లోపలికి పోయిన. చెప్పులు బయట ఇడువుమన్నది, అంత బాధల గూడ. నేను బ్యాటరీ లైటు పట్టుకున్న. నాకు ఊకుండుడు చేతకాదు, అడుగుతనే ఉన్న. ఇదేంది, అదేంది, కూత ఎందుకు పెడతది, ఎవలిని పిలుస్తది.

"తెర ఎలగకుంటే మనకు చెప్పనీకి దానికి కూత ఒక్కటే ఉన్నదక్కా. గిట్ల పొడుగ్గ కూస్తే మెమరీ కనపడ్తలేదు అని అర్థం."

"కనపడ్తలేదా? ఎదురుంగనే ఉన్నయి కద."

"ఉన్నయి. కానీ దానికి తగుల్తలేవు." అని పెట్టె మీదికి వంగింది. "బోర్డు మొత్తం పోతే కూయనీకి గూడ రావొద్దు కద అక్కా?"

అది నన్ను అడుగుడు కాదు, తనను తాను అడుగుడు. నేను లైటు కదలకుండ పట్టుకున్న.

ఆమె పాత పలక ఒకటి మెల్లగ వంచి తీసింది. అంచు ఎట్లుందో చూద్దామని చీర కొంగుతోటి సుతారంగ తుడిచింది. ఆ రోజు తెల్ల చీర మీద సన్న పువ్వులు. కొంగు మీద గీత పడ్డది. పసుపు పచ్చ గీత.

ఇద్దరం కొంగునే చూస్తున్నం.

"వీటికి పెట్టలె కద పెద్దమ్మ?" అన్న.

"పెట్టలె."

"మరి గీ పసుపు యాడిది?"

చెల్లె నా చేతిల లైటు గుంజుకొని ఆ సందులకు పట్టింది. వంగి చూసింది. నన్ను గూడ చూడుమన్నది. సన్నటి సందు, లోపల రెండు దిక్కుల దువ్వెన పండ్ల లెక్క ముండ్లు. వాటి మొదట్ల, బియ్యప్పిండి అంటినట్టు, పచ్చటి ముద్ద. అక్కడక్కడ ఎరుపు.

ఇంజినీరు పైకి కనపడ్డకాడికి తుడిచిండు. గీతల నడుమ మిగిలిన తడి పసుపు కొత్త పలకతోటి సందులకు దిగింది. ఆయన అటిటు మార్చి గుచ్చిన కొద్ది లోపలికి పోయి ముండ్లకు పట్టుకున్నది. తర్వాత పాతవి పెడితే వాటికి గూడ అంటింది. బయట తుడుస్తున్నడు గని లోపల చూడలె. పాతవి గూడ లేవలేదని బోర్డు మీదికి పోయిండు.

చెల్లె నవ్వలె. ఏడ్వలె. "మామా!" అని గట్టిగ పిలిచింది. ఆ పిల్ల గొంతు అంతుంటదని నాకు ఆ రోజే తెలిసింది.

మామ వచ్చి చూసి "ఇంతేనా! అక్షరం పూడుకపోతే ఏం చేస్తం? కిరసనాయిలు, బురుసు" అని డబ్బా తేబోయిండు. చెల్లె ఆపింది. ముగ్గురం ఎస్టీడీ బూత్‌కు పోయినం. ఇంజినీరుకు ఫోను చేసి చెప్తే ఆయన "అరెరె" అని ఎంతసేపు అన్నడో. "సందు చూడలేదు మేడం, సందు చూడలేదు. కిరసనాయిలు మాత్రం పొయ్యకుర్రి, నూనె మిగుల్తది. దవాఖానల సూదికి ముందు రుద్దుతరే, ఆ స్పిరిటు తేర్రి. మెత్తటి పండ్ల బ్రష్షు. పలకల అంచులకు పెన్సిలు తుడిచే రబ్బరు. మొత్తం ఆరినంకనే కరెంటు ఇయ్యర్రి" అన్నడు.

స్పిరిటుకు మామ పోయిండు. దవాఖానల కాంపౌండరు ఆయన పేకాట దోస్తు. "ఎవలికి దెబ్బ తాకింది?" అని ఆయన అడిగితే "కంప్యూటరుకు" అన్నడట. కాంపౌండరు నవ్వుకుంట చిన్న సీసాల పోసిచ్చిండు.

చెల్లె బ్రష్షుతోటి ఒక్కొక్క ముల్లు కడుగుతుంటే నేను రబ్బరుతోటి పలకల అంచులు రుద్దిన. నా చేతికి అదొక్క పనే ఇచ్చింది, అది గూడ ఎట్ల పట్టుకోవాలెనో చూపెట్టి ఇచ్చింది. రబ్బరు పచ్చగైంది. గది నిండ స్పిరిటు వాసన, దాంట్ల కలిసి పసుపు వాసన. ఆరనీకి ఇడిచిపెట్టి అన్నం తిన్నం. తిన్నం అంటే ముద్దలు పిసికినం.

తర్వాత మొదలు పాత పలకలు పెట్టింది. నొక్కేముందు ఎనక తలుపు దిక్కు చూసింది. కుర్చీ ఖాళీగనే ఉన్నది, పెద్దమ్మ పడుకున్నట్టుంది. నొక్కింది.

టిక్ మని చిన్న కూత, ఒక్కటే. తెర ఎలిగింది. మూలకు అంకెలు ఉరుకుతున్నయి.

"ఆపు, ఇగ సాలు, ముట్టుకోకు" అన్నడు మామ.

"కొత్తవి పెట్టకుంటె ఎట్ల మామా" అని మళ్ల ఆపి, కొత్తవి గుచ్చి, మళ్ల నొక్కింది. అంకెలు రోజూ ఆగే కాడ ఆగలె. ఉరుకుతనే ఉన్నయి, ఇంకా, ఇంకా. అంతకుముందు నేను ఆ అంకెలు రోజూ చూసేదాన్ని, యాడ ఆగుతయో నాకు తెలుసు. అది దాటి ఉరికినయి. జ్ఞాపకం పెరుగుడు అంటే గిదన్నమాట, కండ్లతోటి చూసిన.

"కూత ఆగిందే?"

తిరిగి చూస్తే పెద్దమ్మ. తలుపుల నిలబడ్డది. తెర చూసింది, చెల్లె కొంగు చూసింది, నా చేతిల రబ్బరు చూసింది. ముప్పొద్దులా పసుపు ముట్టే మనిషికి ఆ రంగు ఏందో చెప్పాల్నా?

చెల్లె లేచి నిలబడి "దుమ్ము పట్టింది పెద్దమ్మా" అన్నది జల్దీగ.

పెద్దమ్మ ఆమెను చూడలె. నన్ను అడిగింది: "నా పసుపా?"

నాకు అబద్ధం ఆడొచ్చు. కానీ జొరానికి కషాయం పంపిన మనిషి, నా దిక్కే చూసి అడుగుతున్నది. "అవ్ పెద్దమ్మా. బంగారం అంచు నుంచి లోపలికి దిగింది. అందుకే దానికి జ్ఞాపకం తగల్లె" అన్న.

ఆమె నా చేతిల రబ్బరు తీస్కొని ముక్కు కాడ పెట్టుకొని చూసింది. మామ తన మెషిన్ దిక్కు ఏదో పనున్నట్టు జారుకున్నడు. కొడుకు రాంగనే ఏమైతదో అన్నదే చెల్లె భయం. తప్పు తనది కాదని తేలుడు ఒకటి, ఓనరు తల్లిది అని తేలుడు ఇంకొకటి.

"కొమ్ములు తెచ్చి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నేనే దంచుకున్న పసుపు" అన్నది పెద్దమ్మ ఆఖరికి. "అంగడి పసుపైతే ఎప్పుడో రాలిపోయేది. కల్తీ లేదు కాబట్టి పట్టుకున్నది."

అని లోపలికి పోయింది. మామ అటు నుంచి కిసుక్కున నవ్విండు. చెల్లె కుర్చీల కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండ భుజాలు ఊపింది.

సారు రాజమండ్రి నుంచి వచ్చేసరికి కార్డులు ప్రింటైతున్నయి. "ఏమైండె?" అని అడిగిండు. మేము నోరు తెరిచేలోపే ఎనక తలుపుల నుంచి జవాబొచ్చింది. "నేను పెట్టిన పసుపు లోపలికి పోయిందట. ఈ పిల్ల కడిగింది. మీ ఇంజినీరు బోర్డు పోయిందన్నడు, దీన్ని ముగ్గురు కలిసి లేపిర్రు. ఇజయవాడకు నేనేం ఫోను చెయ్యలేదులే."

అంతటితోటి అయిపోయిందనుకున్నం. కాలె. పెద్దమ్మ రాత్రంతా ఏం ఆలోచించిందో ఏమో, మర్నాడు కొత్త హుకుం. "అది నా చేతికి అలిగింది, ఆ పిల్ల చేతికి లేచింది. ఇగ దాన్ని పొద్దున ఆ పిల్ల తప్ప ఎవలూ నొక్కొద్దు" అన్నది. ఆ చెయ్యి తగలొద్దన్న మనిషే.

చెల్లె పని నిలిచింది. కానీ బాధ ఇంకొకటి మొదలైంది. జొరమొచ్చినా రిక్షా పంపేది పెద్దమ్మ. వచ్చి ఒక్కసారి నొక్కి పొమ్మనేది. గోదావరి పొంగి బస్టాండు దిక్కు నీళ్లొచ్చిననాడు మామ సైకిలు మీద ఎక్కించుకొని తెచ్చిండు. "అక్కా, మొదలు నన్ను నొక్కొద్దన్నరు. ఇప్పుడు నన్ను తప్ప నొక్కొద్దంటున్నరు. నడుమ మామూలు మనిషిని ఎప్పుడు కావాలె నేను?" అనేది. కానీ పొద్దున తాళంచెవి మాత్రం ఆమె చేతిలనే ఉండె, కొన్నేండ్లకు పాల్వంచల తన సొంత దుకాణం పెట్టుకొని పోయేదాక.

ఒకసారి ఆమె చిన్నాయన బిడ్డ పెండ్లికి మూడొద్దులు సెలవు పెట్టి పోయింది. ఓ పెండ్లోళ్లు వచ్చి కూసున్నరు, అర్జంటు. సారుకు కంప్యూటరు కొట్టుడు కొద్దిగ వచ్చు. గదిలకు పోయిండు, కుర్చీల కూసున్నడు, స్విచ్చి మీద ఏలు పెట్టి ఆగిండు. ఎనక తలుపు దిక్కు చూసిండు. కుర్చీల పెద్దమ్మ బియ్యం ఏరుతున్నది, తల ఎత్తలె.

"నువ్వు నొక్కు" అన్నడు నన్ను, మెల్లగ.

నేను వినపడనట్టు కాగితాలు మడత పెట్టుకుంట కూసున్న.